కర్రెపిల్ల వెనుక వరుసలో ఎందుకు?

ఆగస్టు 15 డ్యాన్సుకు పిల్లలను నిలబెడుతున్నారు. మాది ప్రైమరీ స్కూలు. హైస్కూలు కూడా అదే కాంపౌండులో ఉంటుంది కాబట్టి జెండా పండుగలు కలిపే చేస్తాం. ఈసారి లంబాడీ డ్యాన్సు పెట్టారు. డ్రెస్సులు కిరాయికి తెచ్చారు. అద్దాల కాంచళి, ఫేటియా, టుక్రి, చేతుల నిండా ప్లాస్టిక్ బలియాలు, అన్నీ ఉన్నాయి. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఎనిమిది మంది. వాళ్లలో తండా పిల్లలు ముగ్గురే. ఆ ముగ్గురిలో ఒకామెకు ఐదో తరగతిలో నేనే చదువు చెప్పాను. ఇప్పుడు హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది. తీజ్ పండుగలో ఆ బిడ్డ ఆట చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేరు. మిగతా ఏడుగురికీ అడుగులు నేర్పింది ఆమే. మనిషి పొట్టి. ఆమెను తీసుకుపోయి వెనుక వరుసలో చివరన నిలబెట్టారు. ముందున్న పొడుగు పిల్లల భుజాల వెనుక ఆమె తల కూడా కనబడటం లేదు.

"ఎందుకు సార్, నేర్పిందే ఈమె గద" అన్నాను.

"కర్రెగున్నది మేడమ్. ముందల నిలవెడితే ఫొటోలు మంచిగ రావు. మండలం నుంచి సార్లు వస్తున్నరు" అన్నాడు.

ఆ మాట బయటి కులం సారు అని ఉంటే ఈ వ్యాసం రాయడం నాకు సులువయ్యేది. అన్నది మన సారే. తండాలో పుట్టి, మన రిజర్వేషన్‌లో ఉద్యోగం తెచ్చుకుని, సేవాలాల్ జయంతి రోజు వేదిక మీద మన సంస్కృతి గురించి గంటసేపు మాట్లాడగలిగిన మనిషి. నేను ఏమన్నానో కూడా చెప్పాలి. ఏమీ అనలేదు. నవ్వి, చాక్లెట్ల డబ్బా విప్పడానికి పోయాను. ఆ బిడ్డ మా ఇద్దరినీ చూసింది.

దసరా సెలవులు అయిపోయి పిల్లలు తిరిగి వచ్చినప్పుడు ఆ బిడ్డ ముఖం చూసి గుర్తుపట్టలేకపోయాను. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. గదవ మీద, చెంపల మీద సన్నని వెంట్రుకలు. నుదురంతా మొటిమలు. ఎండలోకి వస్తే మంట పుడుతోందని చున్నీ కప్పుకుని ప్రేయర్‌లో నిలబడుతోంది. అడిగితే మొదట చెప్పలేదు. రెండు రోజుల తర్వాత జామెట్రీ బాక్సులో నుంచి ఒక ట్యూబు తీసి నా చేతిలో పెట్టింది. మెడికల్ షాపులో కొన్నదట. చీటీ ఎవరూ అడగలేదట. "మొదలు పదిహేను దినాలు మంచిగనే తెల్లగైన మేడమ్. బంద్ చేస్తే గిట్లయితుంది. మళ్ల పెడితే తగ్గుతుంది" అంది. డబ్బులు ఎక్కడివంటే ఇంటి నుంచి పండ్లు కొనుక్కొమ్మని ఇచ్చినవి.

ఈ వ్యాసం ఆ ట్యూబు గురించి. దాన్ని ఆ బిడ్డ చేతికి అందించిన వాళ్ల గురించి. ఆ వాళ్లలో నేనూ ఉన్నాను.

ముందు ట్యూబులో ఏముందో చెప్తాను. టీచర్లు దీన్ని చదివి తరగతిలో చెప్పాలి. అందులో మూడు మందులు కలిపి ఉన్నాయి. ఒకటి స్టెరాయిడ్, రెండోది హైడ్రోక్వినోన్, మూడోది ట్రెటినాయిన్. ఇలాంటి మూడు మందుల మిశ్రమాన్ని 1975లో అమెరికాలో క్లిగ్‌మన్ అనే చర్మ వైద్యుడు తన సహచరుడితో కలిసి ప్రకటించాడు. మన దగ్గర మంగు అంటామే, ముఖం మీద గోధుమ రంగు మచ్చలు, అలాంటి వాటికి డాక్టరు చూసి, కొద్ది వారాలు మాత్రమే వాడించాల్సిన మందు అది. మచ్చలేని ముఖానికి, అందులోనూ పద్నాలుగేళ్ల పిల్ల ముఖానికి, రోజూ రుద్దుకునే వస్తువు కానే కాదు. స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది. మొదట్లో నునుపుగా, తెల్లగా కనబడుతుంది. అక్కడే మోసం ఉంది. తర్వాత రక్తనాళాలు పైకి తేలతాయి, మొటిమలు వస్తాయి, వెంట్రుకలు మొలుస్తాయి. ఆపితే మంట, వాపు. ఆ మంటకు భయపడి మళ్లీ పెడతారు. గుడుంబాకు అలవాటైన మనిషి సంగతి మనకు కొత్త కాదు, ఇదీ అంతే. చర్మ వైద్యులు దీనికి ప్రత్యేకంగా స్టెరాయిడ్‌తో పాడైన ముఖం అని ఒక జబ్బు పేరే పెట్టారంటే ఎంతమంది వాళ్ల దగ్గరికి పోతున్నారో అర్థం చేసుకోండి. చర్మానికి రాసే స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్రం పద్నాలుగు మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ట్యూబు మీద ఎర్ర గీత ఉంటుంది. కౌంటర్ దగ్గర ఆ గీతను ఎవరూ చూడరు.

ఇది డబ్బా మీద పేరున్న మందు సంగతి. ఇక తయారుచేసినవాళ్ల చిరునామా కూడా లేని క్రీములు వేరు. వాటిలో కొన్నింటిలో పాదరసం ఉంటుంది. పాదరసం చర్మంలో రంగు తయారుకాకుండా ఆపుతుంది, కిడ్నీలను తింటుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి అరుదైన రకం జబ్బు ఉంది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినట్టు ఒప్పుకున్నారు. ఆ 2023లోనే కేరళ ఔషధ నియంత్రణ శాఖ ఆపరేషన్ సౌందర్య అని పేరు పెట్టి షాపులను తనిఖీ చేసింది. కేరళ వాళ్లు చదువుకున్నవాళ్లు, వాళ్లకే ఇలా అయింది. హైవే మీద ఉన్న మా చిట్యాలకు ఇటు హైదరాబాద్ నుంచి, అటు విజయవాడ నుంచి ఏ సరుకైనా గంటల్లో దిగుతుంది. కంగన్ హాల్ గాజు అద్దాల వెనుక వరుసగా పేర్చిన డబ్బాల మీద చదవలేని భాష అక్షరాలు ఎన్నోసార్లు చూశాను.

నా సంగతి కూడా చెప్తాను. నాకు 2005లో పెళ్లయింది. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరి ఉన్నాను. అయినా మధ్యవర్తి మా బాపుతో, పిల్ల నలుపు కాబట్టి ఇంకో యాభై వేలు పెట్టాల్సి ఉంటదన్నాడు. బాపు ఎద్దులను అమ్మాడు. నేను మూడు నెలలు క్రీము రుద్దుకున్నాను. మా తాతల కాలంలో తండాలో పిల్లను అడగవచ్చిన మగపెళ్లివాళ్లే పిల్ల తండ్రికి సొమ్ము కట్టేవాళ్లు. అదేదో గొప్ప కాలమని నేను అనను. ఆడదానికి ధర కట్టడం అందులోనూ ఉంది. కానీ ఆ ధరలో రంగుకు కోత లేదు. పొలంలో పనిచేసే చేయి, బరువు మోసే నడుము, అవి చూసేవాళ్లు. కట్నం మనకు బయటి నుంచి వచ్చింది. తెల్లతోలు మోజు కూడా దాని వెంటే వచ్చింది. ఉద్యోగం వచ్చిన మన పిల్లగాళ్లు రెండింటినీ మొదటి జీతంతోపాటే నేర్చుకున్నారు. కానిస్టేబుల్ అయినా, టీచర్ అయినా, పంచాయతీ కార్యదర్శి అయినా, సంబంధం చూడమన్నప్పుడు మొదటి మాట "పిల్ల జర తెల్లగుండాలె". తమ యాడి ఏ రంగులో ఉందో వాళ్లకు గుర్తురాదు.

మన భాషలో ఓదార్పు మాట ఒకటి ఉంది. నలుపు నారాయణ మెచ్చు అంటారు. నా చిన్నప్పుడు మా తెలుగు సారు నన్ను చూసి ప్రేమగానే అనేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు వస్తుంది. తెల్లగా ఉన్న పిల్లను చూసి తెలుపు ఫలానా దేవుడు మెచ్చు అని ఎవరూ అనరు. దెబ్బ తగిలినవాళ్లకే మందు రాస్తారు. ఆ మాట అన్న ప్రతిసారీ, నీకు లోపం ఉంది అని గుర్తుచేస్తున్నట్టే. టీచర్లు ఇక దాన్ని ఆపేయండి. కర్రి, బొగ్గు, కాకి అని పిలవడం ఎలాగూ మానాలి. అది మానేసి దీన్ని పట్టుకుంటే లాభం లేదు.

కంపెనీల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పి ముగిస్తాను. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలోకి 1975లో వచ్చింది. క్లిగ్‌మన్ మిశ్రమం వచ్చిన ఏడూ అదే. నల్లపిల్లకు ఉద్యోగం రాదు, క్రీము రాయగానే వస్తుంది, ఇదే కథను దశాబ్దాల పాటు టీవీలో చూపించారు. 2005లో మగవాళ్లకు కూడా ఒకటి వచ్చింది, ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్. నల్లగా ఉన్నవాళ్లను తక్కువ చేసి చూపించే ప్రకటనలు వద్దని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమాలు పెట్టింది. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మోకాలితో తొక్కి చంపినప్పుడు ప్రపంచమంతా అట్టుడికింది. ఆ వేడికి ఇక్కడ ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. ఎక్కడో ఒక నల్లజాతి మనిషి ప్రాణం పోతే మన అంగడిలో డబ్బా మీద ఒక మాట మారింది. డబ్బా మాత్రం అక్కడే ఉంది.

అయితే కంపెనీని తిట్టడం సులువు. ప్రతి సభలో తిడతాం. రూపాయి షాంపూ ప్యాకెట్‌తో పల్లెను గెలుచుకున్నవాళ్లు తెలివైనవాళ్లే. కూలి డబ్బుతో సీసా కొనలేని మనిషికి ఒక్కరోజు సరిపడా అందం అమ్మవచ్చని వాళ్లకు తెలిసింది. మన దగ్గర కుంకుడు ఉంది. అడవి ప్రాంతాల్లో మన ఆదివాసీలు ఏరి తెచ్చిన కుంకుడుకాయలు, ఇప్ప గింజలు గిరిజన సహకార సంస్థ కొంటుంది. అవి ఏరిన చేతులే తిరిగి వచ్చి ప్యాకెట్ చింపుతున్నాయి. ఇక్కడ కుంకుడు గొప్ప, షాంపూ చెడ్డ అని పాఠం చెప్పబోవడం లేదు. కుంకుడు కొట్టి, నానబెట్టి, పిసికి, రెండు బకెట్ల నీళ్లతో తల కడుక్కోవడానికి హాస్టల్‌లో ఆ బిడ్డకు సమయం ఎక్కడిది, నీళ్లు ఎక్కడివి? పొద్దున ఒక నల్లా దగ్గర ఎంతమంది క్యూ కడతారో చూసినవాళ్లకు తెలుసు.

సరిగ్గా ఇక్కడే మన యువమిత్రుడొకరు నా మీద కోపం చేశాడు. ఈ పుస్తకానికి నేను ఏం రాస్తున్నానో చెబితే, "అక్కా, జీవో 3 పోయింది, పోడు పట్టాల కోసం జనం తిరుగుతున్నరు, నువ్వు ఫేస్ క్రీముల మీద రాస్తవా?" అన్నాడు. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న ఆ 2000 నాటి జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఏజెన్సీలో లేని మా నల్లగొండ తండాల టీచర్లం కూడా ఆ రోజు బాధపడ్డాం. తమ్ముడి కోపం నాకు అర్థమవుతుంది. కానీ అతని లెక్కలో భూమి పెద్ద సంగతి, ఆడపిల్ల ముఖం చిన్న సంగతి. ఆ ముఖం కాలడానికి కారణాలు వెతుకుతూ పోతే మనం మళ్లీ అతను చెప్పిన పెద్ద సంగతుల దగ్గరికే చేరతాం. మూడు సంగతులు చూద్దాం.

పళ్లు చూడండి. మన నల్లగొండ జిల్లా పేరు ఫ్లోరైడ్‌తో దేశమంతా తెలిసిపోయింది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకదానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఉండకూడని ఫ్లోరైడ్‌ను మన ముందు తరాలు బోరు నీళ్లలో తాగాయి. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో మా పక్కనున్న చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. నల్లా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలు అదృష్టవంతులు. కానీ పైపు ఆగిన రోజు బోరు నీళ్లే తాగే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, ఆ నీళ్లు తాగితే పంటి మీద పడే గోధుమ గీతలు జీవితాంతం పోవు. బొగ్గు పేస్టు తోమినా పోవు, ఉప్పుతో రుద్దినా పోవు. నా తరగతిలో ఇప్పటికీ చేయి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లలు ఉన్నారు. ఆ పిల్ల తెల్లబడే పేస్టు కొంటే అది పిల్ల సోకు అంటామా, నీళ్ల బాకీ అంటామా?

రెండోది జుట్టు. హాస్టల్ నుంచి వచ్చే ఆడపిల్లల నోట ఎక్కువగా వినే మాట, ఎంటికలు ఊడుతున్నయి మేడమ్ అని. వాళ్లు నూనె పేర్లు అడుగుతారు. వాళ్ల కనురెప్ప కింద లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తంలో ఇనుము తక్కువైతే జుట్టు రాలుతుంది. వారానికి ఒక నీలం రంగు ఐరన్ మాత్ర స్కూల్లో ఉచితంగా ఇవ్వాలి. వికారం వస్తుందని పిల్లలు కిటికీలోంచి పారేస్తారు, మనం రిజిస్టర్‌లో టిక్కు పెడతాం. ఖాళీ కడుపున కాకుండా అన్నం తిన్నాక దగ్గర నిలబడి మింగిస్తే సగం బాధ పోతుంది. నులిపురుగుల మాత్ర కూడా అంతే. ఏ నూనె సీసా కూడా ఈ రెండు మాత్రలకు సాటి రాదు.

పేలు పడితే జుట్టు కత్తిరించే హాస్టళ్లు ఉన్నాయి. పేరు రాయను. ఒక బిడ్డ సెలవులకు గుండుతో సమానంగా వస్తే ఇంట్లో వాళ్లు ఎవరో చచ్చిపోయినట్టు ఏడ్చారు. జుట్టు మనకు ఏమిటో తెలియని మనిషి చేసిన పని అది. మా యాడి తలకు గుగ్రి, టోప్లి కట్టుకోవాలంటే పక్కన ఇంకో ఆడమనిషి కూర్చుని జడలు అల్లాలి. చెంపల పక్కన వేలాడే ఆ వెండి పెళ్లయిన ఆడదానికి గుర్తు. మెడ లాగుతుందని యాడి కూడా సణిగేది, ఆ బరువు మళ్లీ మోయమని నేను ఎవరికీ చెప్పను. కానీ తల మీద చేయి వేసే ముందు ఆ తల ఎవరిదో అడగాలి. పేలకు పెర్మెత్రిన్ లోషన్ ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. ఈపులు ఏడు నుంచి పది రోజుల్లో పిల్లలవుతాయి కాబట్టి వారం పది రోజులకు రెండోసారి రాయాలి. తడి తలను సన్నపళ్ల దువ్వెనతో దువ్వాలి. ఒకే రోజు గదిలో అందరికీ చేయాలి. కత్తెర కన్నా ఇది కొంచెం ఎక్కువ పని, అంతే.

జుట్టు ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మా తండాకు ఇప్పటికీ సైకిల్ మోటారు మీద ఒకతను వస్తాడు. ఎంటికలకు సామాన్లు అని అరుస్తాడు. ఆడవాళ్లు గోడ సందుల్లో దాచిన చిక్కు ఉండలు ఇచ్చి స్టీలు గిన్నె తీసుకుంటారు. ఆ ఉండలు చిక్కు తీసి, రకాలు చేసి, విదేశాలకు పోతాయి. తిరుమల తలనీలాలను వేలం వేస్తే కోట్లు వస్తాయి. ఆ జుట్టులో కొంత అమెరికా నల్లజాతి ఆడవాళ్ల తలల మీద విగ్గుగా, జడగా ఎక్కుతుంది. అక్కడ కొలువు చేయాలంటే ఉంగరాల జుట్టు పనికిరాదని నూరేళ్లకు పైగా వాళ్లకు చెప్పారు. పుట్టుకతో వచ్చిన జుట్టును చూసి కొలువు నిరాకరించరాదని, బడి నుంచి పంపరాదని కాలిఫోర్నియా రాష్ట్రం క్రౌన్ చట్టం చేసింది 2019లోనే. ఇక్కడ ఉంగరాల జుట్టున్న మన చెంచు పిల్లనూ, కోయ పిల్లనూ పిచ్చుక గూడు అంటారు. ఆ పిల్లలు జుట్టు సాపు చేయించుకోవడానికి హైదరాబాద్ పార్లర్‌లో వేలు పోస్తారు. మన జుట్టు అక్కడికి పోయి వాళ్ల జుట్టును దాస్తుంది, వాళ్లు ఇప్పుడిప్పుడే విడిచిపెడుతున్న సిగ్గును మనం ఇక్కడ తలకెత్తుకుంటున్నాం.

అమెరికాలో 1940లలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి భార్యాభర్తలు చిన్నపిల్లల ముందు తెల్ల బొమ్మలు, నల్ల బొమ్మలు పెట్టి, ఏది మంచి బొమ్మ అని అడిగారు. నల్లపిల్లల్లో ఎక్కువమంది తెల్లబొమ్మను చూపించారు. నల్లపిల్లలకు వేరే బడులు చెల్లవని 1954లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆ పరిశోధన ప్రస్తావన ఉంది. ఇది ట్రైనింగ్‌లో మాకు ఎవరూ చెప్పలేదు, తర్వాత చదివి తెలుసుకున్నాను. మీ తరగతిలో బొమ్మలు అక్కర్లేదు, క్రేయాన్ల డబ్బా చాలు. అందులో లేత గులాబీ రంగు ఒకటి ఉంటుంది, పిల్లలు దాన్ని స్కిన్ కలర్ అంటారు. అమ్మ బొమ్మ గీసి రంగు వేయమంటే నా మూడో తరగతి పిల్లలందరూ ఆ ఒక్క ముక్క కోసం కొట్లాడారు. గోధుమ రంగు ముక్కలు కొత్తవి కొత్తవిగానే మిగిలాయి. ఎండలో పత్తి ఏరే యాడికి గులాబీ ముఖం వేసి నాకు చూపించారు. నేను గోధుమ రంగు చేతికిచ్చి నా చెయ్యి పక్కన పెట్టి చూడమన్నాను. ఒక పిల్లవాడు, "మేడమ్, అట్ల ఏస్తె యాడి కొడ్తది" అన్నాడు.

మూడోది డబ్బు. హాస్టల్ పిల్లలకు సబ్బు, నూనె, పౌడరు వంటి వాటికి ప్రభుత్వం కాస్మెటిక్ చార్జీలు ఇస్తుంది. 2024 చివరలో వాటిని పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి ఆడపిల్లలకు నెలకు 55 రూపాయలు ఉన్నది 175 అయింది. ఎనిమిది నుంచి పది వరకు 75 ఉన్నది 275 అయింది. ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన పెంపు ఇది. దాన్ని నెల నెలా అందేలా చూడటం, లెక్క గోడ మీద రాయించడం, తల్లిదండ్రుల మీటింగులో అడగడం మన పని. 275 రూపాయలతో ఏమొస్తుందో నేను కంగన్ హాల్‌లో, కిరాణంలో నిలబడి లెక్క వేశాను. ఒంటి సబ్బులు, బట్టల సబ్బు, చిన్న కొబ్బరినూనె సీసా, షాంపూ ప్యాకెట్లు, ప్యాడ్లు విడిగా అందితే ఇంకా కొంత మిగులుతుంది. పగిలిన పెదాలకు, కాళ్లకు పెట్రోలియం జెల్లీ చిన్న డబ్బా చాలు. మిగిలిన దానితో క్లిప్పు కొంటుందో, రబ్బరు బ్యాండ్లు కొంటుందో, గోళ్ల రంగు కొంటుందో ఆ బిడ్డ ఇష్టం. ఆ ఇష్టాన్ని చూసి ముఖం చిట్లించే టీచర్లతో కూడా నాకు తగాదా ఉంది. సోకులు ఎక్కువైనయి అంటారు. సోకు చేసుకోవడం మనకు కొత్తనా? ఒక కాంచళికి ఎన్ని అద్దాలు, ఎన్ని గవ్వలు, ఎన్ని రంగుల దారాలు! కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నల్లని ఒంటి మీద ఎరుపూ, పసుపూ, అద్దమూ ఎట్లా మెరుస్తాయో తెలిసినవాళ్లే ఆ రంగులు ఎంచుకున్నారు. మన ముత్తవ్వలు ఒంటిని దాచడానికి అలంకరించుకోలేదు. ఇప్పుడు పిల్లలకు అమ్ముతున్న అలంకారం మాత్రం ఒంటినే చెరిపెయ్యమంటోంది.

మేడమ్ సి. జె. వాకర్ అనే ఆమె కథ పిల్లలకు చెబుతుంటాను. 1867లో అమెరికాలోని లూజియానాలో, అంతకు కొన్నేళ్ల ముందు వరకు బానిసలుగా ఉన్న తల్లిదండ్రులకు పుట్టింది. బట్టలు ఉతికి బతికింది. తన జుట్టు ఊడిపోతుంటే తల చర్మానికి మందు కోసం వెతికి, తానే తయారుచేసి నల్లజాతి ఆడవాళ్లకు అమ్మింది. వేలమంది ఆడవాళ్లకు అమ్మకం పని నేర్పింది. ఆమెను తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు, జుట్టు సాపు చేయడం నేర్పిందని. అది వాదించుకోవాల్సిన సంగతే. మన డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు సబ్బు, కుంకుడు పొడి చేసి మన హాస్టళ్లకే ఎందుకు అమ్మకూడదని నేను అడిగితే టెండర్ రూల్సు చెప్పారు. రూల్సు మార్చమని అడిగే సంఘాలు మనకు చాలా ఉన్నాయి. ఫ్లెక్సీలు కట్టడం కాస్త తగ్గించి ఆ పని మీద తిరగవచ్చు.

ఆ బిడ్డను నల్లగొండలో చర్మ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఒక్కసారే ఆపితే మంట ఎక్కువవుతుందని, మెల్లగా తగ్గించే మందు రాసింది డాక్టరమ్మ. నెలలు పడుతుందన్నది. వాళ్ల యాడి కూలి పని వదిలి వచ్చింది. బస్సులో నా పక్కన కూర్చుని, "దీనికి ఎవరు చెప్పిండ్రు టీచరమ్మా, నల్లగున్నవని" అని అడిగింది. నేను కిటికీ బయటికి చూశాను.

తర్వాత మన సారుతో మాట్లాడాను. మొదట వినలేదు. "నేను గొడవకనలే మేడమ్, ఫొటో సంగతి చెప్పిన" అన్నాడు. ఫోన్ తీసి ఆగస్టు ఫొటో చూపించమన్నాను. చూపించాడు. ఎనిమిది మందిని లెక్కపెట్టమన్నాను. ఏడుగురే వచ్చారు. వేలితో ఫొటోను పెద్దది చేసి చాలాసేపు వెతికాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, వాళ్ల బిడ్డ కూడా అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతోందని చెప్పాడు.

జనవరి 26 డ్యాన్సు పేర్లు నేను రాస్తానన్నాను. ఎత్తు ప్రకారం నిలబెట్టాను, పొట్టివాళ్లు ముందు. ఆ బిడ్డ ముందు వరుసలో మధ్యకు వచ్చింది. బుగ్గల మీద ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు. పౌడరు డబ్బా పట్టుకుని వచ్చిన మేడమ్‌తో మంట పుడుతది, నాకొద్దు అంది. ఈసారి డ్రెస్సు కిరాయిది వేసుకోలేదు, వాళ్ల నానమ్మ ఫేటియా తెచ్చుకుంది. నడుము దగ్గర వదులైతే పిన్నీసులు నేనే పెట్టాను.